విమానం చెప్పిన ఏడాది

కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని లక్కూరు కథ ఇది. అక్కడ బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ వినిపిస్తాయి. మాలూరుకు పోయి రైలెక్కితే ఒక దిక్కున బెంగళూరు ఫ్యాక్టరీలు, ఇంకో దిక్కున బంగారుపేట మీదుగా బంగారు గనులు. పొలం మీద నాలుగు వేళ్ళు నోట్లోకి పోవడం కష్టమైనప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ళలోని మగపిల్లలు ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టేవాళ్ళు. ఈ కథలోని మనుషులు నేను అల్లినవాళ్ళు. విమానాలు, వాటి లెక్కలు మాత్రం నిజమైనవి.

గనులు మూతపడిన 2001లో లక్కూరులో ఒక ఇంటి అటక మీదినుంచి ట్రంకుపెట్టె దించారు. ఆ ఇంటిపెద్ద బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్‌లో ఫిట్టరుగా పనిచేసి, రిటైరై, కాలం చేసి చాన్నాళ్ళయింది. పెట్టెలో పాత రసీదులు, ఒక ఖాకీ చొక్కా, వాటికింద అరచేతంత ఒక ఫోటో దొరికాయి. ఎనిమిదిమంది పనివాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక ఒక విమానం. ఫోటో కుడివైపు చిరిగిపోయింది. ఆ చిరుగుతో పాటు విమానం తోక, తోక మీద ఉండాల్సిన నంబరు కూడా పోయాయి. మిగిలింది ముక్కు, సగం ప్రొపెల్లరు, ఒక రెక్క మొదలు, పైలట్లు కూర్చునే చోటు.

"ఎడమనుంచి మూడో మనిషి మా నాయన!" అన్నాడు కొడుకు. ఆ ముక్కు, ఆ నుదురు, ఆ నిలబడే తీరు చూసి అందరూ అవునన్నారు.

డిప్లొమా చదువుతున్న మనవడికి సంతోషం పట్టలేదు. "ఇది మారుత్ విమానం! మన దేశం చేసిన జెట్టు!" అన్నాడు. సాయంత్రానికి ఎవరో మారుత్‌కు ప్రొపెల్లరు ఉండదని గుర్తు చేశారు. అయితే హెచ్‌టీ-2 అన్నాడు. 1951 ఆగస్టులో మొదటిసారి ఎగిరిన ఆ శిక్షణ విమానం మన ఇంజనీర్లే గీసి, మన చేతులతోనే కట్టింది. తాత 1950లో ఫ్యాక్టరీలో చేరాడు. హెచ్‌టీ-2 మీద పనిచేశానని తనే ఎన్నోసార్లు చెప్పాడు. అన్నీ కలిశాయి. ఫోటోను పెద్దది చేయించి ఆగస్టు పదిహేనున బడి గోడకు తగిలించాలనీ, కింద "స్వదేశీ విమానం, దాన్ని కట్టిన మన ఊరి మనిషి" అని రాయించాలనీ అనుకున్నారు. ఇంట్లో ఒక మూల మంచం మీద అవ్వ కూర్చునే ఉంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా వింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

పలకరాసే ఆయన మాటలు సరిగ్గా కావాలన్నాడు. పక్క ఊళ్ళో హెచ్‌ఏఎల్‌లోనే పనిచేసి రిటైరైన ముసలాయన ఒకరున్నారు. ఆయనచేత ఒక మాట అనిపించుకుంటే చాలని మనవడు ఫోటో పట్టుకుని పోయాడు.

ముసలాయన అరుగు మీద కూర్చుని ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏం కనబడతా ఉండాదో చెప్పు నాయినా."

"హెచ్‌టీ-2 తాతా."

"అది పేరప్పా. నేనడిగింది కనబడేది."

మనవడు తడుముకున్నాడు. ఆలోచించి, "ఒక విమానం" అన్నాడు.

"రెక్కలు ఎన్ని జతలు?"

"ఒకటే జత."

"అయితే టైగర్ మాత్ కాదు. దానికి కిందొక జత, పైనొక జత. ఇంగ, రెక్క యాడుండాది? ఒంటికి పైనా, కిందా?"

"కింద."

"రెక్కకు ఆనుగా కర్రలుగానీ తీగలుగానీ ఉండాయా?"

"లేవు."

"ఒంటిమీద చుక్కలు చుక్కలుగా వరసలు కనబడతా ఉండాయి చూడు. అవి రివెట్లు. గుడ్డా కట్టే కాదు, రేకు. సరే, ఇప్పుడు ముక్కు చూడు."

పనివాళ్ళు ఇంజను మూత తీసి కిందపెట్టి ఫోటో దిగారు. అదే వాళ్ళు చేసిన మేలు. ఇంజను బయటికి కనబడుతోంది. నడుమ ఒక గుండ్రని పెట్టె, దాని చుట్టూ చక్రం ఆకుల్లాగా సిలిండర్లు. కింది సగం మనుషుల తలల వెనక దాగింది.

"హెచ్‌టీ-2 ఇంజను నా చేత్తో ఎన్నిసార్లు దించినానో," అన్నాడు ముసలాయన. "దాన్లో సిలిండర్లు నాలుగు. ఒకదాని ఎనక ఒకటి వరసగా, తలకిందులుగా ఏలాడతా ఉంటాయి. అందుకే దాని ముక్కు సన్నం. ఇది గుండ్రని ఇంజను. ఇది హెచ్‌టీ-2 కాదు."

మనవడి ముఖం మాడింది. "నంబరు చిరిగిపోయింది కదా తాతా. కాదని మాత్రం ఎట్లా చెప్తారు?"

"కాదని చెప్పేదానికి నంబరు అక్కర్లేదు. అవునని చెప్పేదానికి కావాల."

ఆ మాట మనవడికి అప్పుడు ఎక్కలేదు. ముసలాయన లోపలికి పోయి భూతద్దం తెచ్చాడు. బడిపిల్లల కాంపాసు పెట్టెలోంచి కోణమానిని తీసుకున్నాడు. అన్నిటికీ పైన నిటారుగా ఒక సిలిండరు ఉంది. దాని పక్కది ఎంత ఒరిగి ఉందో కొలవమన్నాడు. మనవడు కొలిచి యాభై, యాభై రెండు మధ్యలో ఉందన్నాడు.

"ఒక వరస గుండ్రని ఇంజన్లలో సిలిండర్లు బేసి సంఖ్యలో ఉంటాయి. అయిదో, ఏడో, తొమ్మిదో. అట్లయితేనే ఒకటి విడిచి ఒకటి మండించుకుంటా పోతే వరస తెగదు. అయిదైతే మధ్య కోణం డెబ్బయి రెండు. తొమ్మిదైతే నలభై. ఏడైతే..."

మనవడు మూడువందల అరవైని ఏడుతో భాగించాడు. యాభై ఒకటి దాటి కొంచెం వచ్చింది. ఫోటో కొద్దిగా పక్కనుంచి తీసింది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. డెబ్బయి రెండూ కాదు, నలభయ్యీ కాదు.

"ఏడు," అన్నాడు మనవడు. తన కోరిక ఏమీ కలపకుండా ఆ ఫోటో గురించి అతను చెప్పిన మొదటి మాట అది.

తర్వాత ఒక్కొక్క పేరూ రాలిపోయింది. కర్టిస్ హాక్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెంగళూరులో కూర్చినదే, కానీ అందులో ఒక్కడికే చోటు. ఫోటోలో ఒకరి వెనక ఒకరు కూర్చునే చోట్లు రెండున్నాయి. హార్వర్డ్‌కు రెండు చోట్లుంటాయి, సిలిండర్లు మాత్రం తొమ్మిది. వల్టీ వెంజెన్స్ బాంబులు వేసే పెద్ద విమానం. దాని ఇంజనులో సిలిండర్లు రెండు వరసలు. పెర్సివల్ ప్రెంటిస్‌కు ఆరు సిలిండర్లు ఒకే గీతలో ఉంటాయి.

ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేను చేరినప్పుడు పాత మేస్త్రీలు ఒక విమానం గురించి చెప్పేవాళ్ళు," అన్నాడు. "ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మొట్టమొదట కూర్చింది. అమెరికా నుంచి పెట్టెల్లో భాగాలు వస్తే ఈడ జోడించినారు. హార్లో శిక్షణ విమానం. చిన్నది, రేకుది, కింద రెక్కది, ఇద్దరిది. ఇంజను వార్నర్ కంపెనీది, ఏడు సిలిండర్లు. ఈ ఫోటో హార్లోదే అయ్యుండాల. అయితే నాయినా, కూర్చింది 1941లో. ఆపైన అవి ఎక్కువ కాలం ఆ షెడ్లలో లేవు."

మనవడు ఇంటికి పోయి చెప్పగానే కొడుకు మండిపడ్డాడు. "1941లోనా? అప్పుడు నాయన ఈ ఊళ్ళోనే సేద్యం చేస్తా ఉండె. ఇది మా నాయన కాదంటాడా ఆయన? మొహం కనబడతా ఉండలా?" అని కేకలు వేశాడు. మరునాడు ముసలాయన్ను ఇంటికే పిలిపించారు. "మనిషి ఎవరో నేను చెప్పలేదన్నా," అన్నాడాయన. "మిషను ఏ ఏడాదిదో చెప్పినాను. అంతవరకే నాకు తెలుసు."

అప్పుడు మూలనుంచి అవ్వ గొంతు లేచింది.

"ఆ అద్దం ఇట్లియ్యండప్పా."

ఫోటోను ఆమె ఒళ్ళో పెట్టారు. ఆమె ఇంజను చూడలేదు, రెక్క చూడలేదు. భూతద్దాన్ని మూడో మనిషి చెవి దగ్గర పెట్టింది. అతను కెమెరా వైపు చూడడం లేదు, పక్కకు తిరిగి ఉన్నాడు. చెవి తమ్మెకు ఒక నల్లచుక్క. అందరూ దాన్ని ఫోటో మీద పడిన మచ్చ అనుకున్నారు.

"పోగు," అంది అవ్వ. "మీ నాయన చెవులు కుట్టించుకోనే లేదు. ఇది మా బావ."

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పెదనాయన ఒకడుండేవాడనీ, గనిలో పనిచేసేవాడనీ, బండ పేలి పోయాడనీ కొడుకు చిన్నప్పుడు విన్నాడు. ఆయన ఫ్యాక్టరీలోనూ పనిచేశాడని ఎవరికీ తెలియదు. ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

"గని వర్క్‌షాపులో ఫిట్టరు పని నేర్చినాడు. యుద్ధం వచ్చినాక బెంగళూరుకు పోయినాడు. యుద్ధం అయిపోయినాక మళ్ళా గనికే పాయె. ఆడనే పాయె. మీ నాయనకు ఆ పని మీద ఆశ పుట్టించింది ఈయనే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"బావ ఎదటికి వచ్చేదాన్నా నేను? తలుపు చాటునుంచి పక్కమొహం చూసినదాన్ని. పక్కమొహమే నాకు తెలుసు. మీరు ఫోటోను చేతులు మార్చుకుంటిరి గానీ నా చేతికి ఎవురిచ్చినారు?"

ఆగస్టు పదిహేనున బడి గోడకు ఫోటో ఎక్కింది. కింద రాసింది ఇది: "బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ, 1941 ప్రాంతం. వెనక ఉన్నది హార్లో శిక్షణ విమానమని నమ్ముతున్నాం. తోక, నంబరు దొరకలేదు. ఎడమనుంచి మూడో మనిషి మన ఊరివాడు, బంగారు గనిలో చనిపోయాడు. మిగతా ఏడుగురి పేర్లు తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి."

నీతి

తప్పు పేరు ఖాళీ చోట కూర్చోదు. ఎవరో ఒకరి చోటును ఆక్రమించుకుంటుంది. కాబట్టి పేరు పెట్టేముందు కాని పేర్లన్నీ తీసేయాలి. తీసేశాక మిగిలినదాన్ని మిగిలినంతే చెప్పాలి.

లక్కూరు కుటుంబం ఆ ఫోటోను హెచ్‌టీ-2 అని రాయించి ఉంటే ఎవరికి నష్టం అనిపించవచ్చు. తాత నిజంగానే హెచ్‌టీ-2 మీద పనిచేశాడు. ఊరికి గౌరవం, బడిపిల్లలకు ఉత్సాహం. నష్టమంతా ఆ ఎడమనుంచి మూడో మనిషిదే. ఈ లోకంలో ఆయనకు మిగిలిన ఒకే ఒక గుర్తును, ఎంతో ప్రేమతోనే అయినా, తమ్ముడికి రాసిచ్చేసేవాళ్ళు. అది తెలిసే దారి కూడా ఆ రోజుతో మూసుకుపోయేది. ఒకసారి పలక మీదికెక్కిన పేరును ఎవరూ ఇంక ప్రశ్నించరు.

విమానాల చరిత్రలో ఇదే పొరపాటు పెద్ద ఎత్తునా జరుగుతుంది. "మన దేశంలో మొదటి విమానం హెచ్‌టీ-2" అని తరచూ వింటాం. కానీ పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వం తోడుతో 1940 డిసెంబరు 23న బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) సంస్థను స్థాపించారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 1941 ఆగస్టులో, అక్కడ కూర్చిన హార్లో గాలిలోకి లేచింది. దాని పుట్టుక కూడా ముచ్చటైనదే. కాలిఫోర్నియాలోని పసడీనా జూనియర్ కాలేజీలో మాక్స్ హార్లో అనే అధ్యాపకుడు విద్యార్థులచేత ఒక చిన్న విమానం కట్టించాడు. ఆ వంశంలో ఇద్దరు కూర్చునే శిక్షణ విమానంగా వచ్చినదే బెంగళూరులో కూర్చిన పీసీ-5. కాలేజీ పిల్లల పాఠంగా మొదలైన ఆ రూపం సముద్రాలు దాటి మన దేశంలో ఒక పరిశ్రమకు తొలి పాఠమైంది. "మొదటిది హెచ్‌టీ-2" అని ఊరుకుంటే ఇదంతా చెరిగిపోతుంది.

పోనీ మొదటిది హార్లో అని ఊరుకుందామా? అప్పుడు డాక్టర్ వి.ఎం. ఘాట్గే చోటు పోతుంది. జర్మనీలో గాటింజెన్‌లో ప్రాండ్ట్ల్ అనే శాస్త్రవేత్త దగ్గర చదువుకుని వచ్చిన ఆయన, పెట్టెల్లో వచ్చిన భాగాలను జోడించడంతో తృప్తి పడక, ఇక్కడే గీసిన విమానం ఇక్కడ ఎగరాలని పట్టుబట్టినవాడు. హెచ్‌టీ-2 ఆయన బృందం పని. అంతకు ముందే, యుద్ధకాలంలోనే, ఆయన జి-1 అనే పదిమంది కూర్చునే కర్ర గ్లైడరును రూపొందించారు. ఇంజను లేని విమానం అది. కట్టింది ఒక్కటే. అంటే ఆ ఫ్యాక్టరీలో "మొదట కూర్చినది", "మొదట గీసినది", "మొదట గీసిన ఇంజను విమానం" మూడు వేరువేరు మాటలు. మూడు మాటలకూ మూడు విమానాలు హక్కుదారులు. ఒకదాని చోటులో ఇంకొకదాన్ని కూర్చోబెట్టకుండా చెప్పడానికి కాస్త ఎక్కువ మాటలు పడతాయి. పడనివ్వాలి.

యుద్ధంలోనైతే తప్పు పేరు ప్రాణాలు తీసింది. 1939 సెప్టెంబరు 6న, యుద్ధం మొదలై మూడు రోజులకు, ఇంగ్లండు తీరంలో స్పిట్‌ఫైర్‌లు తమ దేశపు హరికేన్‌లనే శత్రు విమానాలనుకుని కాల్చాయి. మాంటేగ్యూ హల్టన్-హారప్ అనే యువ పైలట్ చనిపోయాడు. శత్రువు వస్తున్నాడని అంతకు ముందే కబురందింది. కాబట్టి కళ్ళకు శత్రువే కనిపించాడు. రెక్క ఆకారం, ముక్కు పొడవు చూసే వ్యవధి కాల్చినవాళ్ళు తీసుకోలేదు. యుద్ధకాలంలో విమానాలను గుర్తుపట్టే శిక్షణలో రెక్కలు, ఇంజను, ఒడలు, తోక అనే వరసను వల్లెవేయించేవాళ్ళు. పేరు చివరికి వస్తుంది. ముందు ఆ నాలుగూ చూడాలి. లక్కూరు కథలో ముసలాయన అరుగు మీద మనవడిచేత చేయించింది అదే. ఆయన దాన్ని పుస్తకంలో చదివి ఉండనక్కర్లేదు. చేతితో విప్పి మళ్ళీ బిగించినవాడికి భాగాలు ముందు కనిపిస్తాయి, పేరు తర్వాత గుర్తొస్తుంది.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లకు ఎగరడం నేర్పిన పుష్పక్ అమెరికా వాళ్ళ ఏరోంకా చీఫ్ రూపాన్ని ఆధారం చేసుకుని తయారైంది. రెండింటికీ పైరెక్క, పక్కపక్కన రెండు సీట్లు. మసక ఫోటోలో ఏది ఏదో తేల్చడం గట్టి కళ్ళకు కూడా కష్టమే. అక్కడ రెక్కలు, తోకలు చాలవు. మన పౌర విమానాల మీద రాసే వీటీ అక్షరాలు, ఫోటో వెనక స్టూడియో ముద్ర, నిలబడినవాళ్ళ బట్టలు, వెనకాల కనిపించే షెడ్డు సాక్ష్యం చెప్పాలి. అవి కూడా చెప్పకపోతే "పుష్పక్‌గానీ ఏరోంకాగానీ" అని రాసి ఆగాలి. అలా ఆగడం ఓటమి అని నేను అనుకోను. తర్వాత వచ్చేవాడికి తలుపు తెరిచి ఉంచినట్టు.

మాలూరు, బంగారుపేట, రాబర్ట్‌సన్‌పేట చుట్టుపక్కల ఇళ్ళలో ఇలాంటి ట్రంకుపెట్టెలు ఇంకా ఉంటాయి. గని షాఫ్టు ముందు దిగిన ఫోటోలు, ఫ్యాక్టరీ షెడ్డులో దిగిన ఫోటోలు. దొరికితే చిరిగిన అంచును సాపు చేయాలని కత్తిరించకండి. ఆ అంచులోనే సగం అక్షరం ఉండవచ్చు. అద్దం బిగించే ముందు వెనక వైపు కూడా ఫోటో తీయించి పెట్టుకోండి. బాల్‌పెన్నుతో వెనక రాస్తే ముందుకు దిగుతుంది, మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. రాసేటప్పుడు ఏది కళ్ళతో చూశారో, ఏది ఎవరు చెప్పగా విన్నారో, ఏది మీ ఊహో విడివిడిగా రాయండి. విమానం పేరు కోసం బెంగళూరులో హెచ్‌ఏఎల్ వారసత్వ కేంద్రానికి పోదలిస్తే పోండి. 2001లో తెరిచిన ఆ మ్యూజియంలో హెచ్‌టీ-2, మారుత్ వంటివి ఎదురుగా నిలబడి ఉంటాయి. మీ ఫోటోలోని ముక్కును వాటి ముక్కులతో సరిపోల్చుకోవచ్చు. బస్సెక్కే ముందు మాత్రం ఆ ఫోటోనూ ఒక భూతద్దాన్నీ ఇంట్లో అందరికంటే పెద్దామె చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.